వానాకాలం బురద ట్రాక్‌కు మొదటిసారి వస్తున్నారా? వరంగల్ వైపు ఆఫ్‌రోడ్ కలయికలపై తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు పడి చెరువులు మత్తడి దుంకే రోజుల్లో వరంగల్, నర్సంపేట, ములుగు వైపు ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే) బండ్లవాళ్లు ఒకచోట కలుస్తుంటారు. శనివారం సాయంత్రానికి చేరుకుని టెంట్లు వేసుకోవడం, రాత్రి వంట, కబుర్లు, ఆదివారం పొద్దున్నుంచి బురద ట్రాక్, మధ్యాహ్నం తిని ఇంటిదారి పట్టడం. కొత్తగా వచ్చేవాళ్లు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి, ట్రాక్ పక్కన మార్షల్‌గా, అంటే బండ్లకు సైగలిచ్చి దారి చూపే మనిషిగా, నిలబడి చూసినవాటిని కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. బురదలో బండి దిగబడితే మనిషికి దెబ్బ తగలడం అరుదు, దాన్ని బయటికి లాగేటప్పుడు తొందరపడితేనే తగులుతుంది. అందుకే ఆ భాగం అన్నిటికంటే పెద్దగా రాశాను, ఓపిగ్గా చదవండి.

ఇది రేసా?

కాదు. గడియారం పెట్టి, వించ్‌లూ (మోటారుతో తాడు చుట్టి బండిని లాగేవి), రోల్ కేజ్‌లూ (బండి దొర్లినా మనిషిని కాపాడే ఇనుప చట్రాలు) బిగించిన బండ్లతో చేసే పోటీలు వేరే ఉన్నాయి, గోవాలో 2014లో మొదలైన రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ ఇండియా అలాంటిది. ఇక్కడ ఒకసారికి ఒక్క బండే వెళ్తుంది, అది పూర్తిగా గట్టెక్కేదాకా వెనక బండి కదలదు, ఎవరు ముందొచ్చారనే లెక్క ఉండదు. ప్రతి అడ్డంకికీ పక్కదారి ఒకటి ఉంచుతారు, మీకు నమ్మకం కుదరకపోతే అటు నుంచి వెళ్లిపోండి. ఎవరూ ఏమీ అనరు, అనకూడదు కూడా.

నా బండి పనికొస్తుందా?

ముందు చూడాల్సింది కంపెనీ పేరు కాదు, ఫోర్ లో గేరు ఉందా లేదా అని. ఫోర్ లో అంటే నాలుగు చక్రాలకూ తక్కువ వేగంతో ఎక్కువ బలం ఇచ్చే గేరు. థార్ ఫోర్ బై ఫోర్, జిమ్నీ, పాత జిప్సీ, గూర్ఖా, ఇసుజు వీ-క్రాస్ ఫోర్ బై ఫోర్, ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్, వీటన్నిటికీ ఉంది. థార్ అయితే చాలనుకుని వచ్చేవాళ్లు ఒకసారి చూసుకోండి, 2023లో వచ్చిన రియర్ వీల్ డ్రైవ్ థార్‌కు ఫోర్ లో ఉండదు, ముందు చక్రాలకు పవరే వెళ్లదు. అలాంటి బండ్లు, నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లినా ఫోర్ లో లేని ఆల్ వీల్ డ్రైవ్ చిన్న ఎస్‌యూవీలు చెల్క నేల మీద వేసిన తేలిక ట్రాక్‌లో ఒక రౌండు వేయొచ్చు, లోతు బురదలోకి మాత్రం వద్దు. మామూలు కార్లవాళ్లు కూడా రండి, బండి గట్టు మీద పెట్టేసి ఎవరి పక్క సీట్లోనైనా కూర్చుని చూడండి, డ్రైవింగ్‌లో సగం అక్కడే అర్థమవుతుంది.

ఇంకోటి, బరువు. జిప్సీ సుమారు టన్ను ఉంటుంది, ఫార్చ్యూనర్ రెండు టన్నుల పైనే. అదే బురదలో జిప్సీ పైపైన వెళ్లిపోతే దాని వెనక వచ్చిన పెద్ద బండి ఇరుసుదాకా దిగబడటం మామూలు విషయం. అక్కడ ఇంజిన్ పవర్‌తో పెద్దగా పని లేదు. గ్రౌండ్ క్లియరెన్స్ జిమ్నీకి 210 మిల్లీమీటర్లు, థార్‌కు 226, కాగితం మీద ఈ అంకెలు బాగానే ఉంటాయి కానీ ముందు వెళ్లిన బండ్లు గాడి తవ్వేశాక ఆ గాడి మధ్య మట్టిదిబ్బ మీద మీ డిఫరెన్షియల్ గుండు (ఇరుసు మధ్యలో కిందికి వేలాడే గేర్ల పెట్టె) కూర్చుంటే నాలుగు చక్రాలూ ఊరికే తిరుగుతాయి. కాబట్టి వరుసలో ఎక్కడ నిలబడ్డారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. బరువైన బండి అయితే మొదట్లోనే వెళ్లండి.

చెల్క, రేగడి అని మాటిమాటికీ అంటారు, బండికి తేడా ఏముంటుంది?

చాలా ఉంటుంది, ఊళ్లో వ్యవసాయం చేసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. చెల్క అంటే ఇసుక కలిసిన ఎర్రనేల, వాన ఆగిన కాసేపటికి నీళ్లు ఇంకిపోతాయి, అడుగున గట్టిగా ఉంటుంది, చక్రానికి పట్టు దొరుకుతుంది. నల్లరేగడి అలా కాదు. అందులోని బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, టైరు గాడుల్లో దూరి కూర్చుంటుంది, పది గజాలు వెళ్లేసరికి మీ ఖరీదైన మడ్ టైరు నూనె రాసిన రోకలిబండలాగా నున్నగా అయిపోతుంది. ఆరిందంటే అదే మట్టి రాయి అవుతుంది.

అందుకే ట్రాక్ వేసేటప్పుడు మొదటిసారి వచ్చినవాళ్లకు చెల్కలో వేస్తారు, చేయి తిరిగినవాళ్లకు రేగడిలో. మూడో రకం చెరువు శిఖం, అంటే నీళ్లు తగ్గాక బయటపడే చెరువు లోపలి నేల. పైన పొర ఎండి పగుళ్లు కనిపిస్తుంది, కింద ఒండ్రు మోకాలి లోతున మెత్తగా ఉంటుంది, చూసి మోసపోయేది ఇక్కడే. తుంగ ఒత్తుగా మొలిచిన చోట, బర్రెలు పొర్లిన గుంటల దగ్గర అడుగున తడి ఉంటుందని ఊరివాళ్లు చెప్తారు, ఆ మాట వినండి. బండి దింపే ముందు చెప్పులు విప్పి ఒకసారి నడిచి చూడండి. మీ కాలు పిక్కలదాకా దిగి, తీయడానికి బలం పెట్టాల్సి వస్తే అక్కడికి బండి తీసుకెళ్లకండి.

టైర్లలో గాలి ఎంత ఉంచాలి?

రోడ్డు మీద 30 నుంచి 35 పీఎస్ఐ మధ్య ఉంటుంది కదా, బురదకు 18 నుంచి 20 దాకా తగ్గిస్తారు. గాలి తగ్గితే టైరు కిందిభాగం పరుచుకుని ఎక్కువ నేలను పట్టుకుంటుంది, బరువు ఒకేచోట పడకుండా ఉంటుంది. మామూలు రిమ్ముల మీద 15 కంటే కిందికి దించకండి, మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడి వచ్చే ప్రమాదం ఉంది. హైవే టైర్లతో వచ్చినవాళ్లు గాలి తగ్గిస్తే వచ్చే తేడా చూసి ఆశ్చర్యపోతారు.

అయిపోయాక మళ్లీ గాలి నింపకుండా రోడ్డెక్కొద్దు. మెత్తటి టైర్లతో 163వ నంబరు జాతీయ రహదారి మీద 80లో వెళ్తే టైరు వేడెక్కి పేలిపోవచ్చు. 12 వోల్టుల చిన్న కంప్రెసర్ ఒకటి కొనిపెట్టుకోండి, ఆదివారం సాయంత్రం పంచర్ షాపు వెతుక్కునే టెన్షన్ ఉండదు.

ఫోర్ హై, ఫోర్ లో ఎప్పుడు వేయాలి?

జారుడుగా ఉన్న కచ్చా రోడ్డుకు ఫోర్ హై, అంటే మామూలు వేగంతోనే నాలుగు చక్రాలకూ పవర్. బురద, దిగుడు, ఎక్కుడు అంటే ఫోర్ లో, అది వేసేటప్పుడు బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి వేయండి. బురదలోకి దిగాక గుర్తొచ్చి లీవర్ లాగడం కాదు, గట్టు మీదే వేసుకుని దిగాలి. ఎండిన తారు రోడ్డు మీద మాత్రం ఫోర్ బై ఫోర్‌లో తిప్పకండి. మనవాళ్ల బండ్లలో చాలావాటికి సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు, ముందు వెనక ఇరుసులు మలుపులో వేర్వేరు వేగంతో తిరగాలి కానీ తిరగలేక గేర్‌బాక్స్ మీద ఒత్తిడి పడుతుంది. స్టీరింగ్ బిగుసుకున్నట్టు అనిపిస్తే కారణం అదే.

సరే, బురదలో అసలు ఎలా నడపాలి?

మాన్యువల్ అయితే ఫోర్ లోలో రెండో గేరు, చాలా బండ్లకు ఇది సరిపోతుంది. మొదటి గేరులో చక్రాలు అనవసరంగా గిర్రున తిరుగుతాయి. దిగే ముందే వేగం కుదుర్చుకుని, యాక్సిలరేటర్ మీద కాలు ఒకేలా ఉంచి సాగిపోండి. మధ్యలో క్లచ్ తొక్కొద్దు, గేరు మార్చొద్దు. క్లచ్ తొక్కిన క్షణంలో ఊపు చచ్చిపోతుంది, మళ్లీ పుట్టదు. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు పట్టి ఉంచండి. చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ కొన్ని బండ్లలో బురదలో పవర్ కోసేస్తుంది, మీ బండి మాన్యువల్‌లో చూసి అవసరమైతే ఆఫ్ చేయండి, ఫోర్ లో వేస్తే దానంతటదే ఆగిపోయే బండ్లూ ఉన్నాయి.

స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకోండి కానీ బొటనవేళ్లు లోపలికి చుట్టకండి. చక్రం రాయికి తగిలి స్టీరింగ్ ఒక్కసారిగా విసిరితే వేలు విరుగుతుంది. బండి నెమ్మదిస్తోందనిపిస్తే స్టీరింగ్‌ను ఎడమకూ కుడికీ చకచకా కొద్దికొద్దిగా ఆడించండి, టైరు అంచులు గాడి గోడలను కరిచి ఇంకో నాలుగు గజాలు లాక్కెళ్తాయి, చాలాసార్లు ఆ నాలుగు గజాలే కావాలి.

బండి ముందుకు కదలడం ఆగింది, చక్రాలు తిరుగుతున్నాయి. ఇప్పుడు కాలు తీసేయండి. ఇది అందరికీ చెప్తాం, అందరూ తల ఊపుతారు, ట్రాక్‌లోకి వెళ్లాక సగం మంది ఇంకొంచెం తొక్కుతారు. తొక్కిన ప్రతి సెకనూ బండి తన గుంట తానే తవ్వుకుంటుంది. వెంటనే ఆగితే రివర్స్ గేరు వేసి వచ్చిన గాడిలోనే వెనక్కి రావచ్చు, పది సెకన్లు తొక్కాక ఇంకో బండి, తాడు, పారలు, అరగంట, అన్నీ కావాలి. పక్కన నిలబడినవాళ్లు కొట్టు కొట్టు అని అరుస్తారు. వాళ్లను పట్టించుకోకండి, మార్షల్ చేతిని మాత్రమే చూడండి.

ఎక్కుడులో బండి ఆగిపోతే అడ్డంగా తిప్పే పని అస్సలు పెట్టుకోవద్దు, పక్కకు దొర్లేది అప్పుడే. బ్రేకు పట్టి, రివర్స్ గేరు వేసి, నిటారుగా వెనక్కి దిగండి. సీటు బెల్టు ఎంత నెమ్మదిగా వెళ్తున్నా ఉండాల్సిందే.

నీళ్లలోంచి వెళ్లాలంటే భయం. ఎంత లోతు దాకా ఫరవాలేదు?

థార్‌కు కంపెనీ చెప్పిన హద్దు 650 మిల్లీమీటర్లు. అది నిలకడ నీళ్ల లెక్క. పారే వాగు సంగతి పూర్తిగా వేరు, మోకాలి లోతు ఒర్రె కూడా బండిని పక్కకు తోసేయగలదు, ములుగు వైపు వాగులు పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే పొంగుతాయి. పొంగే వాగు ఏ కలయికలోనూ ట్రాక్ కాకూడదు, ఎవరైనా దింపమంటే వెనక్కి తిరిగి వచ్చేయండి.

ట్రాక్‌లోని గుంటలో అయితే కర్ర గుచ్చి లోతు చూసి, నెమ్మదిగా దిగి, బానెట్ ముందు చిన్న అల లేచేంత వేగంతో ఆగకుండా వెళ్లాలి. మధ్యలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి! సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. ఆఫ్‌లోనే ఉంచి లాగించుకోండి, ఎయిర్ ఫిల్టర్ తీసి తడి ఉందేమో చూశాకే మిగతా సంగతి.

దిగబడింది. ఇప్పుడేంటి?

ముందుగా, ఏమీ కాలేదు. దిగండి, నీళ్లు తాగండి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ఏ చక్రం వేలాడుతోంది, అడుగు ఎక్కడ ఆనింది, బయటికి దగ్గరి దారి ముందుకా వెనక్కా? ఎక్కువసార్లు జవాబు వెనక్కే.

తాడు కట్టే ముందు పార. చక్రాల ముందు, డిఫరెన్షియల్ కింద మట్టి తీయండి, టైర్లలో గాలి ఇంకొంచెం తగ్గించండి, ఉంటే చక్రాల కింద పట్టు కోసం పెట్టే ట్రాక్షన్ బోర్డులు దూర్చండి. బురద బండి అడుగును పట్టి పీలుస్తుంది, ఆ పట్టు వదిలించకుండా లాగితే బండి బరువుకు మించిన బలం తాడు మీద పడుతుంది. పదిహేను నిమిషాలు తవ్వితే చాలా బండ్లు తాడుతో పని లేకుండానే బయటపడతాయి.

లాగాల్సి వస్తే తాడు ఎక్కడ కట్టాలన్నది ముఖ్యం. ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) బిగించిన రికవరీ పాయింట్‌కు, అంటే దిగబడ్డ బండిని లాగడానికని పెట్టిన గట్టి కొక్కేనికి మాత్రమే. బంపర్‌కు కాదు, ఇరుసుకు కాదు. ట్రెయిలర్ తగిలించే గుండ్రటి టో బాల్‌కైతే ఎప్పటికీ కట్టొద్దు, అది తెగి తూటాలా వచ్చి మనుషుల ప్రాణాలు తీసిన ప్రమాదాలు వేరే దేశాల్లో జరిగాయి. కంపెనీ ఇచ్చే మరబిగింపు కొక్కెం రోడ్డు మీద పాడైన బండిని మెల్లగా లాక్కెళ్లడానికి ఇచ్చింది, జెర్క్ ఇచ్చి లాగడానికి కాదు.

కైనెటిక్ తాడు వేరు, మామూలు టో స్ట్రాప్ వేరు. కైనెటిక్ తాడు దాని పొడవులో 30 శాతం దాకా సాగుతుంది, సాగినప్పుడు దాచుకున్న బలంతో బండిని పీకుతుంది. టో స్ట్రాప్ సాగదు, దాంతో జెర్క్ ఇస్తే ఏదో ఒకటి విరగాల్సిందే. రెండు తాళ్లు కలపాలంటే మధ్యలో ఇనుప షాకిల్ (పిన్నుతో బిగించే యూ ఆకారపు కొండి) పెట్టొద్దు, తాడు తెగితే ఆ ఇనుము ఎగిరి వస్తుంది. తాడుతోనే చేసిన సాఫ్ట్ షాకిల్ వాడండి. ఇనుప షాకిల్‌ను బండి కొసన వాడేటప్పుడు పిన్ను పూర్తిగా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పండి, లేకపోతే లాగాక అది బిగుసుకుపోయి ఊడదు. తాడు మీద మధ్యలో తడిపిన గోనెసంచి గానీ మందపాటి జాకెట్టు గానీ వేయండి, తెగినా ఎగరకుండా నేలమీదికి పడుతుంది.

ఇక మనుషులు. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో అందరూ నిలబడాలి, రెండు బండ్లలో డ్రైవర్లు తప్ప ఎవరూ ఉండకూడదు, వీడియో తీసేవాళ్లకు కూడా ఇదే రూలు. చేత్తో సైగలిచ్చేది ఒక్కరే. తాడును ఎవరూ దాటకూడదు, అది వదులుగా ఉన్నా సరే. లాగే బండి మొదట మెల్లగా కదులుతుంది, రాకపోతే ఆపి మళ్లీ తవ్వాలి, రెండోసారి వేగం పెంచుదామనే మాట వచ్చినప్పుడు వద్దని చెప్పే మనిషి ఆ గుంపులో ఒకరుండాలి. ఆ మనిషి మీరే అవ్వండి, కొత్తవాళ్లైనా ఫరవాలేదు.

వించ్ ఉన్నవాళ్లకు ఒక్క ముక్క: దాని సామర్థ్యం బండి పూర్తి బరువుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి, వేపచెట్టుకు కట్టేటప్పుడు వెడల్పాటి పట్టీ చుట్టి కట్టండి, వైరు నేరుగా చుడితే బెరడు ఒలుచుకుపోయి చెట్టు చస్తుంది.

ఊళ్లోంచి ట్రాక్టర్ పిలిస్తే అయిపోదా?

అవుతుంది, కరిగెట చేసే ట్రాక్టర్ డ్రైవర్‌కు బురద గురించి మనకంటే ఎక్కువ తెలుసు. ఇబ్బంది ట్రాక్టర్‌తో కాదు, ఇనుప గొలుసుతో. గొలుసు సాగదు, తెగితే కొరడాలా వస్తుంది. మీ తాడు, మీ షాకిళ్లు ఇవ్వండి, మెల్లగా లాగమని మర్యాదగా చెప్పండి, పని అయ్యాక డీజిల్ ఖర్చూ కూలీ అడగకముందే చేతిలో పెట్టండి.

అడవిలోకి వెళ్దామంటున్నారు, వెళ్లొచ్చా?

వద్దు. తాడ్వాయి, ఏటూరునాగారం, పాకాల చుట్టుపక్కల చాలా భాగం అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే నేరం, బండి తోలడం సంగతి తర్వాత. మేడారం రోడ్డు అందరూ వెళ్లేదే కదా అని పక్క బాటల్లోకి దిగకండి. ట్రాక్ ఎప్పుడూ పట్టాభూమిలో, యజమాని ఒప్పుకున్న చోట, పంట లేని చెలకలో ఉండాలి. చెరువు శిఖం అయితే గ్రామపంచాయతీని, సంబంధిత అధికారులను అడిగే పని నిర్వాహకులది, అడిగారా అని వాళ్లను అడిగే హక్కు మీది. పక్క మడిలో నాటు వేసి ఉంటే ఒడ్డు తొక్కకండి. ఒక్క చక్రం పక్కకు జారితే ఒడ్డు తెగి మడి నీళ్లన్నీ పోతాయి, ఆ రైతుకు అది మన సరదాకంటే చాలా పెద్ద విషయం.

కుటుంబంతో రావచ్చా? రాత్రి పడుకోవడం, తిండి?

రండి. టెంటు ఎత్తైన చెల్క మీద వేయండి, వాగు ఒడ్డునా చెరువు కట్ట కిందా వద్దు. వానాకాలం పాములు తిరుగుతాయి కాబట్టి టెంటు జిప్పు ఎప్పుడూ వేసి ఉంచండి, పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి, చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయొద్దు. ఎవరినైనా కరిస్తే కోయడం, కట్టు బిగించడం, మంత్రం, ఇవేవీ కాదు, కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ట్రాక్ దగ్గర సిగ్నల్ ఉందో లేదో శనివారమే చూసి పెట్టుకోండి. దోమతెర తప్పనిసరి. ఆడవాళ్లకు టాయిలెట్ ఏర్పాటు ఉందా అని పేరు ఇచ్చే ముందే అడగండి, లేదంటే ఆ నిర్వాహకులు ఇంకా సిద్ధం కాలేదని అర్థం.

తిండికి సర్వపిండి చేయించుకుని తెచ్చుకుంటే ఒక రోజు హాయిగా నిలుస్తుంది, బురద చేతులతో స్టవ్ వెలిగించే పని ఉండదు. బురద మీద ఆసక్తి లేనివాళ్లు ములుగు వైపు ట్రాక్ అయితే పాలంపేట రామప్ప గుడికి వెళ్లి రావచ్చు, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అంత బరువైన రాతి గుడిని కాకతీయుల కాలంలో ఇసుక నింపిన పునాది మీద నిలబెట్టారు. నేలను చదివి పని చేయడం చూడాలంటే ట్రాక్ కంటే ముందు అక్కడికే వెళ్లమంటాను. లక్నవరం చెరువు కూడా దగ్గరే.

మందు?

ట్రాక్ పూర్తయి, తాళంచెవులు మార్షల్ చేతికి ఇచ్చేదాకా లేదు. రాత్రి తాగినవాళ్లకు పొద్దున మొదటి రౌండ్లు ఉండవు.

ఇన్సూరెన్స్ వస్తుందా?

మామూలు కారు పాలసీలో వ్యవస్థీకృత రేసులు, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ లాంటివాటిని మినహాయిస్తారు. ఇది రేసు కాదని మనం అనుకున్నా కంపెనీ ఏమంటుందో చెప్పలేం, కాబట్టి డెంటు పడితే సొంత ఖర్చే అనుకుని దిగండి. నీళ్లతో ఇంజిన్ పాడైతే మామూలు పాలసీలో రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ తీసుకున్నా ఆ షరతులు చదవండి.

ఇంటికి బయల్దేరే ముందు, తర్వాత బండికి ఏం చేయాలి?

ట్రాక్ దిగాక చక్రాల లోపలి వైపు మట్టి గీకేయండి. రిమ్ములో పిడికెడు రేగడి అంటుకుని ఉన్నా 70 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, అలైన్‌మెంట్ పోయిందని చాలామంది కంగారుపడతారు. టైర్ల మట్టి పొలంలోనే రాల్చేసి రోడ్డెక్కండి, తారు మీద పడిన బురద ముద్ద మీద వెనక వచ్చే బైకువాడు జారిపోతాడు. మొదటి అర కిలోమీటరు మెల్లగా, బ్రేకు రెండుమూడుసార్లు నొక్కి ఆరబెట్టుకుంటూ వెళ్లండి.

వాటర్ వాష్‌కు ఆ రాత్రే ఇవ్వండి, రేగడి ఎండితే రెట్టింపు పని. పైన మెరవడం కంటే కింద ముఖ్యం, రేడియేటర్ రెక్కల్లో మట్టి మిగిలితే వారం తర్వాత ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడెక్కుతుంది. రేడియేటర్ మీద ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టనివ్వకండి, రెక్కలు వంగిపోతాయి. నీళ్లలో దిగి ఉంటే డిఫరెన్షియల్ ఆయిల్ ఒకసారి చూపించండి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు, మార్చేయాల్సిందే. ఇరుసులకు పవర్ తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లకు గ్రీజు కొట్టించండి. తాడును మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి, ఇసుక దూరిన తాడు లోపల్లోపల కోసుకుపోతుంది. పోగులు లేచినట్టు కనిపిస్తే మళ్లీ లాగడానికి వాడకండి, ముక్కలు చేసి సామాను కట్టుకోవడానికి ఉంచండి.